ఇంటి వాడుక నీటికి మెట్టతామర మడి: కొన్నేళ్లు వాడిన తరువాత నా అభిప్రాయం

మా ఇంట్లో స్నానాలకు, వంటకు, బట్టలకు వాడిన నీటిని కొన్నేళ్లుగా పెరట్లోని కంకర మడి శుభ్రం చేస్తోంది. మరుగుదొడ్డి నీరు ఇందులోకి రాదు, అది వేరే గొట్టం ద్వారా సెప్టిక్ ట్యాంకుకు వెళుతుంది. 4 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతున్న సిమెంటు తొట్టిలో కంకర నింపించి, మెట్టతామర దుంపలు, అక్కడక్కడ జమ్ము నాటించాము. నీరు వాలు మీదే నడుస్తుంది కనుక మోటారు అవసరం రాలేదు. ఇది నమ్మదగిన పద్ధతేనని ధైర్యంగా చెప్పగలను గానీ, మొక్కలు నాటి వదిలేస్తే చాలనుకునేవారికి మాత్రం సిఫారసు చేయను.

చూడవచ్చినవారందరూ పూలను మెచ్చుకొని, నీటిని మొక్కలే శుభ్రం చేస్తున్నాయనుకుంటారు. నిజానికి అందులో ఎక్కువ వంతు కంకరకూ వేళ్లకూ పొరగా అంటుకొని బతికే సూక్ష్మజీవులది. నీటిలోని సేంద్రియ పదార్థం వాటికి ఆహారం. మొక్కల వేళ్లు వాటికి చోటును, కొంత ప్రాణవాయువును ఇస్తూ, నత్రజని, భాస్వరాలను కొంతమేరకు తీసుకుంటాయి. గుబురెక్కిన దుంపలను పలచన చేయడానికి తవ్వించినప్పుడు, నీరు లోపలికి వచ్చే వైపు రాళ్లు నల్లటి జిగటతో చేతిలో జారిపోతుంటే, బయటికి పోయే వైపు రాళ్లు దాదాపు కొత్తవాటిలాగే కనిపించాయి. శుద్ధిలో ముఖ్యభాగం మొదటి మీటరు, మీటరున్నరలోనే జరిగిపోతోందని అప్పుడు కళ్లారా చూశాను.

జర్మనీలో 1950లలో కేటె జైడెల్ అనే శాస్త్రవేత్త నీటి మొక్కలతో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి ఎదిగిన ఈ పద్ధతిని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మన గ్రామాల మురుగునీటికి కూడా వాడి చూసింది. కొలతల లెక్క సులభమే. తొట్టిలో నీరు నిలిచే లోతు అర మీటరు, కంకర మధ్య ఖాళీ సుమారు 40 శాతం అనుకుంటే, మా మడిలో 800 లీటర్లు పడతాయి. రోజుకు 300 లీటర్లు వదిలితే ప్రతి చుక్కా సగటున రెండున్నర రోజులకు పైగా లోపల ఉంటుంది. చుట్టాలు వచ్చి వాడకం రెట్టింపైన రోజుల్లో ఆ గడువు సగానికి తగ్గి, బయటికి వచ్చే నీరు కొద్దిగా మసకబారడం గమనించాను.

ఈ మడికి ప్రాణం దాని ముందున్న జిడ్డు గుంట. వంటగది నీటిలోని నూనె, మెతుకులు, పప్పు నలుసులు అక్కడే ఆగాలి. మూత ఎత్తితే పైన పసుపుపచ్చని మీగడలా కొవ్వు పేరుకొని ఉంటుంది, దాన్ని వారం వారం తీసివేయక తప్పదు. తీయకపోతే ఆ కొవ్వు కంకర సందుల్లోకి చేరి, నీరు కిందికి దిగక పైన నిలుస్తుంది, దుర్వాసనా దోమలూ అక్కడే మొదలవుతాయి. నీటిమట్టం కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల దిగువన ఉన్నంతకాలం మాకు దోమల బాధ లేదు. కట్టే రోజుల్లో మేస్త్రీ కడగని కంకర పోయించడంతో రాతిపొడి అడుగుకు దిగి, మొదటి ఏడాదిలోనే ఒక వైపు పూడుకుపోయింది, అంతా తీసి కడిగించి మళ్లీ నింపించవలసి వచ్చింది. కంకరను నీరు తేటగా వచ్చేదాకా మీ కళ్లముందే కడిగించండి.

బాత్రూం యాసిడ్, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిల్ మోతాదు మించి మడికి వచ్చే గొట్టంలోకి పోస్తే సూక్ష్మజీవులు చనిపోయి, మడి మళ్లీ కుదుటపడటానికి వారాలు పడుతుంది. ఇంట్లో అందరూ, పనికి వచ్చేవారు కూడా ఈ సంగతి తెలుసుకొని ఉండాలి. మాకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.

శుద్ధి అయిన నీరు చూడటానికి తేటగా ఉన్నా అందులో రోగక్రిములు పూర్తిగా పోవు. అందుచేత కొబ్బరికీ అరటికీ మొదళ్లలో పెడతామే తప్ప ఆకుకూరల మీద చల్లము. డిటర్జెంటులోని సోడియం నేలలో పేరుకుంటుంది కాబట్టి వానాకాలంలో ఆ పాదులను వాననీటితో బాగా తడపనిస్తాము. మే నెలలో ఆకులే చాలా నీటిని ఆవిరి చేసేస్తాయి, బయటికి వచ్చేది బాగా తగ్గిపోతుంది. వేసవి అవసరాలకు దీన్నే నమ్ముకోదలచినవారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి. నలుగురైదుగురున్న ఇంటికి, పెరట్లో కాస్త ఎండ తగిలే చోటుంటే, దీన్ని కట్టించుకొమ్మనే చెబుతాను. చోటు లేని అపార్ట్‌మెంటుకు మాత్రం ఇది కుదరదు.