బ్రాడీపేట జిమ్: యాభై దాటినవాళ్ల కోసం నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మెయిన్ రోడ్డు వదిలి లోపలి లైనులోకి వస్తే, మందుల షాపు పైన మేడ మీద ఉంటుంది ఈ జిమ్. బోర్డు చిన్నది, వేపకొమ్మ అడ్డం ఉంటుంది కాబట్టి చూసుకోకపోతే దాటిపోతారు. కండలు తిరిగిన కుర్రాళ్ల ఫ్లెక్సీలు బయట ఎక్కడా లేవు. నాకు యాభై ఏడేళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా చేస్తున్నాను. సగం రోజు కాటా దగ్గర నిలబడటం, మిగతా సగం లెక్కలు రాస్తూ కూర్చోవడం. బరువులెత్తే జిమ్‌లో చేరుతున్నానంటే కొట్టులో అందరూ "ఈ వయసులోనా?" అన్నారు. ఈ వయసులోనే చేరాలని నా అభిప్రాయం. నాలాంటివాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదటిరోజు వెళ్లగానే ప్యాకేజీల కాగితం చేతిలో పెట్టలేదు. కోచ్ కూర్చోబెట్టి బీపీ చూశాడు. షుగర్ ఉందా, గుండెకు సంబంధించి ఏమైనా ఉందా, వెన్నుకు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఏ మందులు వాడుతున్నారు అని అడిగి రాసుకున్నాడు. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లను డాక్టరుకు చూపించుకుని, సరే అనిపించుకుని రమ్మని తిప్పి పంపేస్తాడు, డబ్బులిస్తామన్నా చేర్చుకోడు. తర్వాత ఒక కుర్చీ వేసి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకోమని, ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలమో లెక్కపెట్టాడు. 60 నుంచి 64 ఏళ్ల మధ్య మగవాళ్లు 14 కంటే, ఆడవాళ్లు 12 కంటే తక్కువ చేస్తే కాళ్ల బలం సగటు కంటే తగ్గినట్టే, పడిపోయే అవకాశం పెరిగినట్టే. ఖరీదైన మెషీను ఏదీ లేకుండా మన కాళ్ల సంగతి మనకే తెలిసిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు గోడకు ఆనించిన కుర్చీతో, పక్కన ఒకరు నిలబడి, ఇది చేయించి చూడండి.

ఆ లెక్క ఒక నోటు పుస్తకంలో ఎక్కింది. ఇక్కడ ప్రతి మనిషికీ ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఏ వ్యాయామం, ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు, ఆరోజు నిద్ర సరిపోయిందా, ఎక్కడైనా నొప్పి ఉందా, అన్నీ రాయాలి. వరుసగా రెండుసార్లు అదే బరువును ఫామ్, అంటే చేసే తీరు, చెడకుండా పూర్తిచేస్తేనే కిలోనో రెండు కిలోలో పెంచుతాడు. తొందరపడితే "బాబాయ్, పుస్తకం ఏం చెప్తోంది?" అంటాడు. నా జీవితమంతా లెక్కల పుస్తకాలతోనే గడిచింది కాబట్టి కావచ్చు, ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. రాసి ఉంటేనే పెరుగుదల కనిపిస్తుంది. నెలకోసారి పాత పేజీ తిప్పి చూసుకుంటే వచ్చే ఉత్సాహం అంతా ఇంతా కాదు.

ఇక్కడ యార్డు సంగతి ఒకటి చెప్పాలి. జిమ్ అనగానే మావాళ్లు అనే మొదటి మాట, "బరువులు మోస్తే బలం వచ్చేటట్టయితే బస్తాలు మోసే మన ముఠావాళ్లకంటే బలవంతులెవరు?" అని. నిజమే, వాళ్ల బలం ముందు ఎవరూ నిలబడలేరు. సీజన్‌లో నలభై కిలోలు దాటిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా వీపుల మీద మోస్తారు. కానీ యాభై వచ్చేసరికి వాళ్లలో ఎంతమందికి నడుములు, మోకాళ్లు అరిగిపోయాయో నేను కళ్లారా చూశాను. అక్కడ బరువును నిర్ణయించేది టిక్కీ, మనిషి కాదు. జ్వరమొచ్చినా అదే బరువు, రాత్రి నిద్ర లేకపోయినా అదే బరువు, వయసు పెరిగినా అదే బరువు. ఒళ్లు కోలుకోవడానికి మధ్యలో ఖాళీ రోజు ఉండదు. జిమ్‌లో బరువును నిర్ణయించేది మన ఒళ్లు. ఈరోజు మనం మోయగలిగినదానికి కాస్త దగ్గరగా మోస్తాం, ఆపేస్తాం, మర్నాడు విశ్రాంతి. కండరం బలపడేది ఆ విశ్రాంతిలోనే, తిండి, నిద్ర సరిగ్గా ఉంటేనే. బరువు మోయడం వేరు, బలం పెంచుకోవడం వేరు. ఈ తేడాను మాటల్లో కాకుండా చేతల్లో చూపిస్తుంది కాబట్టే ఈ జిమ్ గురించి ఇంతగా చెప్తున్నాను.

కోచ్ వారానికి మూడు రోజులే రమ్మంటాడు. సోమ, బుధ, శుక్ర. రోజూ వస్తానంటే మిగతా రోజుల్లో నడవమంటాడు. నేను చాలాకాలంగా ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాణ్ణే. నడక చాలు, వేరే ఏదీ అక్కర్లేదని అక్కడి మిత్రులు ఇప్పటికీ వాదిస్తారు. నడక గుండెకూ ఊపిరికీ మంచిదే, నేనూ మానలేదు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో రెండూ ఉన్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక లాంటిది, దాంతోపాటు కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలాన్నిచ్చే వ్యాయామం. 65 దాటినవాళ్లకైతే వారంలో మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన కూడా కలపమన్నారు. మనవాళ్లు మొదటిది పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. ముప్పై దాటిన దగ్గర్నుంచి, ఏమీ చేయకపోతే, పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తగ్గిపోతుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. మనం తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద భాగాన్ని తీసుకునేది కండరాలే. కండ తగ్గితే ఆ చక్కెర రక్తంలోనే తిరుగుతుంది. ఇంటికొక షుగర్ మనిషి ఉన్న మన ఊళ్లో ఈ ఒక్క సంగతి తెలిసినా చాలామంది డంబెల్ పట్టుకుంటారు.

వయసు మించిపోయిందనేవాళ్లకు కోచ్ చెప్పే ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో, తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. 1990లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన పరిశోధన అది. తొంభైలో పెరిగిన బలం యాభై ఏడులో పెరగదా?

ఇక వ్యాయామాల సంగతి. మొదట పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం. తర్వాత కుర్చీ మీదకి కూర్చుని లేచే స్క్వాట్, అంటే మన పాత బస్కీలే, కాకపోతే లోతు తక్కువ, వెనక కుర్చీ ఆసరా. అది అలవాటయ్యాక గుండెకు ఆనించి పట్టుకునే డంబెల్‌తో. డెడ్‌లిఫ్ట్, అంటే కింద ఉన్న బరువును పట్టుకుని నిటారుగా లేవడం, నేరుగా నేల మీదనుంచి ఇవ్వడు. రెండు చెక్కదిమ్మల మీద ఎనిమిది కిలోల కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) పెట్టి, తుంటిని వెనక్కి నెట్టి, వీపు నిటారుగా ఉంచి, బరువును ఒంటికి దగ్గరగా లేపడం నేర్పిస్తాడు. దిమ్మలు ఒక్కొక్కటీ తీసేసి నేల దాకా రావడానికి నాకు చాలా వారాలు పట్టింది. పైనుంచి లాగే లాట్ పుల్‌డౌన్, కూర్చుని వెనక్కి లాగే రోయింగ్, ఛాతీ దగ్గర్నుంచి ముందుకు నెట్టే చెస్ట్ ప్రెస్ ఉంటాయి. చివర్లో రెండు చేతుల్లో రెండు డంబెల్స్ పట్టుకుని హాలు ఆ చివరి నుంచి ఈ చివరికి నడవాలి. నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఇదే. నిండు గ్యాస్ సిలిండర్, లోపలి 14.2 కిలోల గ్యాస్‌తో కలిపి, ముప్పై కిలోల దాకా తూగుతుంది. దాన్ని గుమ్మం దగ్గర్నుంచి వంటింట్లోకి తేవాలంటే ఇదివరకు పక్కింటి కుర్రాణ్ణి పిలిచేవాళ్లం. ఇప్పుడు నేనే తెస్తున్నాను.

ఊపిరి విషయంలో మాత్రం చాలా కచ్చితం. బరువు లేపేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. బిగబట్టి లేపితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. ఎవరైనా పళ్లు బిగించి లేపుతుంటే హాలు ఆ మూల నుంచి కేకేస్తాడు. నొప్పుల్లో తేడా కూడా చెప్తాడు. కొత్త వ్యాయామం చేసిన మర్నాడో రెండో రోజో తొడలు, భుజాలు పట్టేసినట్టు ఉండటం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి లోపలో, భుజం కీలులోనో పోటు వస్తే ఆ వ్యాయామం వెంటనే ఆపి చెప్పాలి. నా కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు ఇబ్బంది పెట్టేది. తొడ ముందుభాగం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని కూర్చుని పాదాలతో బరువును నెట్టే లెగ్ ప్రెస్ తక్కువ బరువుతో, తక్కువ వంపుతో మొదలుపెట్టించాడు. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగుతున్నాను.

పదిన్నర నుంచి పన్నెండు దాకా ఆడవాళ్లకే. మా ఇంటావిడ ఆ టైముకు వెళ్తుంది. నేర్పించే అమ్మాయి "పిన్నీ, ఇంకొక్కటి" అంటూ దగ్గరుండి చేయిస్తుందట. హాలు గోడ మీద కరణం మల్లీశ్వరి ఫొటో ఉంది. మన శ్రీకాకుళం అమ్మాయి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. బరువులెత్తితే ఆడవాళ్లు మగవాళ్లలా తయారవుతారనే భయం ఇంకా కొందరికి ఉంది. అలా జరగదు. పైగా నెలసరి ఆగిపోయాక ఎముకల గట్టితనం త్వరగా తగ్గుతుంది కాబట్టి ఈ వ్యాయామం మగవాళ్లకంటే వాళ్లకే ఎక్కువ అవసరం. ఆడవాళ్ల టైము సాయంత్రం కూడా ఒకటి పెట్టాలని యజమానికి నా మనవి. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలకు పగలు పదిన్నర ఎలా కుదురుతుంది?

ఇక్కడ ప్రొటీన్ పౌడర్ డబ్బాలు అమ్మరు. ఇంకో పెద్ద జిమ్‌లో మా మేనల్లుడు ఏడాది ఫీజు ఒకేసారి కట్టాడు, మొదటి వారంలోనే వేల రూపాయల డబ్బా అంటగట్టారు, ఆ తర్వాత నేర్పించే మనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. ఇక్కడ ముందు పళ్లెం సరిచేసుకోమంటారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోల మనిషికి 58 గ్రాములు. మన భోజనం రాసి చూసుకుంటే అన్నం కొండంత, పప్పు గరిటెడు. నేను మార్చుకున్నవి తేలికైనవే. పొద్దున ఇడ్లీల్లో రెండు తగ్గించి రెండు ఉడికించిన గుడ్లు, అంటే పన్నెండు గ్రాములు. వారంలో కొన్ని రోజులు పెసరట్టు. సాయంత్రం కొట్టులో మిరపకాయ బజ్జీల బదులు శనగ గుగ్గిళ్లు. మధ్యాహ్నం గోంగూర పప్పు గట్టిగా, అన్నం తక్కువగా, చివర్న పెరుగు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ పెంచేముందు డాక్టర్ని అడగాలని కోచ్ ప్రత్యేకంగా చెప్తాడు. నిద్ర ఏడు గంటలు ఉండాలంటాడు, సీజన్‌లో నాకు అది కుదరదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ఏసీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన గుంటూరు ఎండకు మేడ మీది హాలు తొమ్మిదింటికే ఉడికిపోతుంది, రెండు కూలర్లు చాలవు. స్క్వాట్ చేసే స్టాండు ఒక్కటే, సాయంత్రం కుర్రాళ్లు దాన్ని వదలరు. ఆ టైములో పాటల మోతకు కోచ్ చెప్పేది వినిపించదు కూడా. ట్రెడ్‌మిల్ ఒకటి పాడైపోయి మూల పడి ఉంది. స్కూటర్లు రోడ్డు మీదే పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, పైకెక్కే మెట్లు ఇరుకు, ఒకవైపే రెయిలింగ్. మోకాళ్ల నొప్పులవాళ్లే వచ్చే చోటు కాబట్టి రెండోవైపు కూడా వెంటనే వేయించాలి. ఈ మాట యజమానితో చెప్పాను, చేయిస్తానన్నాడు, ఇంకా చేయించలేదు.

ఫీజు నెలకు 1,200, మూడు నెలలకు 3,000. ఏడాదికి ఒకేసారి తీసుకోరు, అది మంచి పద్ధతి. యార్డులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. ఆ రోజుల్లో మానేద్దామనుకుంటే కోచ్ ఒప్పుకోలేదు. వారానికి రెండుసార్లు, అరగంటేసి వచ్చి నాలుగే వ్యాయామాలు చేసి వెళ్లమన్నాడు. ఒకసారి వచ్చిన బలాన్ని నిలుపుకోవడానికి, పెంచుకోవడానికి పట్టినంత శ్రమ అక్కర్లేదు. పుస్తకంలో బరువులు పెరగలేదు, తగ్గనూ లేదు.

చేరాలనుకునే పెద్దవాళ్లు పొద్దున ఆరున్నర బ్యాచ్ అడగండి. అప్పుడు పదిమందికి మించి ఉండరు, కోచ్ మీ పక్కనే ఉంటాడు, హాలు చల్లగా ఉంటుంది. మీ పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ తీసుకెళ్లండి. మెత్తటి స్పోర్ట్స్ బూట్లకంటే అడుగు గట్టిగా, చదునుగా ఉన్నవి నయం, నిలకడ బాగుంటుంది. షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఏమీ తినకుండా పరగడుపున రావద్దు. మొదటి మూడు రోజులకు డబ్బు తీసుకోరు, చూసి నచ్చితేనే కట్టండి.