స్కేలింగా, ఫ్లాప్ సర్జరీయా: చిగుళ్ల వ్యాధికి ఏది ఎప్పుడు?

పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచే సన్నని పరికరం, ప్రోబ్, దించినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న చోట అది రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. వ్యాధి ముదిరిన చోట ఆరేడు మిల్లీమీటర్లు దిగి, వెనుకే రక్తం ఊరుతుంది. ఆ సందులో వేరుకు పట్టిన గారను తీయడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: కోత లేకుండా పరికరాలతో గారను గీకివేసే స్కేలింగ్, వేరును నునుపు చేసే రూట్ ప్లేనింగ్ కలిపి ఒకటి; చిగురును కోసి పక్కకు తెరిచి, వేరును కంటితో చూస్తూ శుభ్రపరిచి, కుట్లు వేసే ఫ్లాప్ సర్జరీ మరొకటి.

వీటిని పోల్చిన పరిశోధనల్లో చాలావాటిలో ఒకే రోగి నోటిలో ఒక వైపు ఒక పద్ధతిని, రెండో వైపు మరో పద్ధతిని ప్రయోగించారు. రోగి అలవాట్లు రెండు వైపులా ఒకటే కనుక ఆ పోలికకు బలం ఎక్కువ. 2002లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఏడాది తరువాత చూస్తే, 6 మి.మీ. మించిన సందుల లోతును సర్జరీ సుమారు 0.6 మి.మీ. అదనంగా తగ్గించింది. కాని 4-6 మి.మీ. సందుల్లో చిగురు పంటిని తిరిగి పట్టుకోవడంలో స్కేలింగే 0.4 మి.మీ. మెరుగ్గా నిలిచింది. అంతకన్నా తక్కువ లోతున్న చోట, ఉన్న పట్టు కూడా కోత వల్ల మరింత సడలింది.

అందుకే 2020 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు ముందు స్కేలింగ్ చేసి, మళ్లీ కొలిచి, 6 మి.మీ. లేదా అంతకు మించి లోతు మిగిలిన చోట్లకే సర్జరీని సూచించాయి. సర్జరీ తరువాత చిగురు తగ్గి పన్ను పొడవుగా కనిపించడం, చన్నీళ్లకు జివ్వుమనడం ఎక్కువ. ముందు పళ్ల దగ్గర ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. రోజూ పాచిని సరిగా తొలగించుకోలేని రోగికి మాత్రం సర్జరీ చేయవద్దనే ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.