30 మి.లీ. విజయా తైలం: సీసా మీద లేని లెక్క

గంజాయి ఆకు సారాన్ని నూనెలో కలిపి, 'విజయ' అన్న ఆయుర్వేద పేరుతో అమ్ముతున్న సరుకు ఇది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొసలు. కొసలు కలవని ఆకు ఆ లెక్కలోకి రాదు. అందుకే వైద్యుడి చీటీ ఉంటే నెల్లూరుకీ ఒంగోలుకీ పార్సిల్లో వస్తోంది. వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉంది, కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో.

అసలు లోపం లేబుల్‌లోనే. '3000 మి.గ్రా.' అని పెద్దగా వేశారు. అది ఆకు సారం బరువు, అంటే మిల్లీలీటరుకు 100 మి.గ్రా. అందులో మత్తిచ్చే టీహెచ్‌సీ ఎంత, మత్తివ్వని సీబీడీ ఎంత అన్నది రాయలేదు. పచ్చి ఆకులో ఉండేది చాలావరకు టీహెచ్‌సీఏ. వేడి తగిలితేనే అది టీహెచ్‌సీ అవుతుంది. తయారీలో వేడి చేశారో లేదో చెప్పకపోతే డోసు చీకట్లో బాణమే. బ్యాచ్ నంబరు చెప్పి ల్యాబ్ రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే సీసా వాపసు పంపడమే మేలు.

డ్రాపరూ నమ్మదగ్గది కాదు. నూనె చిక్కదనాన్ని బట్టి చుక్క సైజు మారుతుంది. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో కొలవాలి. టీహెచ్‌సీ లెక్కన రాత్రిపూట 1 నుంచి 2.5 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండు మూడు రోజులు ఆగి పెంచాలి. మింగిన నూనె పని మొదలుపెట్టడానికి రెండు గంటలు పట్టొచ్చు. 'ఏమీ కాలేదే' అని మళ్లీ వేసుకున్నవాళ్లే తెల్లవార్లూ గుండెదడతో కూర్చుంటారు. నెయ్యి వేసిన అన్నం తిన్నాక వేసుకుంటే సీబీడీ ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. కాబట్టి పరగడుపునా, భోజనం తర్వాతా అని మార్చి మార్చి వేసుకోకూడదు. మన మే ఎండకు సీసాను కిటికీలో పెడితే సత్తువ పోతుంది.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు పట్టేసినవాళ్లు, కిడ్నీ భయంతో నొప్పి బిళ్లలు మానేసినవాళ్లు ఈ నూనె వైపు చూడటం సహజమే. దీర్ఘకాలిక నొప్పికి కొంత ఆధారం ఉంది కూడా. అయితే కిడ్నీ మార్పిడి అయినవాళ్లు టాక్రోలిమస్ (కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా ఆపే మందు) వాడుతుంటే సీబీడీతో దాని స్థాయి రక్తంలో పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్ఆర్ పెరుగుతుంది, అంటే రక్తస్రావం ముప్పు. ఫిట్స్‌కు క్లోబజామ్ వాడితే మగత, వాల్‌ప్రోయేట్ వాడితే లివర్ ఎంజైములు పెరుగుతాయి. గర్భిణులు, సైకోసిస్ (భ్రమలు కలిగించే మానసిక జబ్బు) ఉన్నవాళ్లు, గుండె జబ్బు అదుపులో లేనివాళ్లు దీని జోలికి పోకూడదు.

నెల్లూరు పొగతోటలో ఓపీ చూసే డాక్టర్లకు ఒక్క మాట. 'గంజాయి వాడతారా?' అని అడిగితే ఎవరైనా లేదనే అంటారు. 'నాలుక కింద వేసుకునే ఆయుర్వేదం నూనె ఏమైనా ఉందా?' అని అడగండి, సంచీలోంచి సీసా తీస్తారు.