14 అడుగుల అల్యూమినియం పడవ, ట్రైలర్: 9 ఏళ్ల వాడకం తర్వాత

ఈ పడవ కొని 9 ఏళ్లు దాటింది. రివెట్లతో బిగించిన 14 అడుగుల అల్యూమినియం పడవ, వెనక 20 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటారు, చేత్తో పట్టుకుని తిప్పే టిల్లర్ హ్యాండిల్, కింద రోలర్లున్న ట్రైలర్. ఏడాదికి 30 సార్లయినా నీళ్లలోకి దింపి ఉంటాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో పడవలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, ఇక్కడ రాసేవి వాటన్నిటికీ పనికొస్తాయి.

కొత్తగా కొన్నవాళ్లు వేగం గురించి, సీట్ల గురించి, పెట్రోలు ఎంత తాగుతుందన్న దాని గురించి రాస్తారు. ఇన్నేళ్ల తర్వాత నేను చూసేది వేరు. మనిషి తొందరలో ఉండి, వెనక నలుగురు వాళ్ల పడవలతో ఎదురుచూస్తుండగా ఒక తప్పు చేస్తే, ఈ పడవ దాన్ని ఎంతవరకు కాచుకుంటుంది? నాకు తల కొట్టేసినట్టు అనిపించిన సందర్భాలు దాదాపు అన్నీ నీళ్ల మధ్యలో కాదు, రేవులో, నీళ్లలోకి దిగే కాంక్రీటు వాలు అయిన ర్యాంప్ మీద గడిపే ఆ పది నిమిషాల్లోనే జరిగాయి.

మొదటి ఏడాది జరిగింది చెప్తాను. పడవ దింపి, జెట్టీకి కట్టి, కారూ ట్రైలరూ పార్కింగ్‌లో పెట్టి వచ్చేసరికి ఆరేడు నిమిషాలు పట్టింది. తిరిగొచ్చి చూస్తే వెనక భాగం బాగా కిందికి దిగిపోయింది. లోపల చీలమండ లోతు నీళ్లు, లైఫ్ జాకెట్లు తేలుతున్నాయి. డ్రెయిన్ ప్లగ్, అంటే లోపలి నీళ్లు పోవడానికి పడవ వెనక అడుగున ఉండే రంధ్రం బిరడా, పెట్టలేదు. అది నా చొక్కా జేబులోనే ఉంది. పిల్లలు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్లను ఎక్కించాక ఇది బయటపడి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన ఆ రోజంతా నన్ను వదల్లేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. నీటి మట్టానికి 20 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే నిమిషానికి దగ్గర దగ్గర 35 లీటర్ల నీళ్లు లోపలికొస్తాయి. ఆరు నిమిషాలకు 200 లీటర్లు, అంటే 200 కిలోలు. ముగ్గురు పెద్దమనుషులు వెనక సీట్లో కూర్చున్నంత బరువు. వెనక భాగం దిగేకొద్దీ రంధ్రం ఇంకా లోతుకు పోతుంది. ఈ పడవకు సీట్ల కింద ఫోమ్ నింపి ఉండడం వల్ల మునగలేదు. ఆ ఫోమ్‌కి నేను పూర్తి మార్కులు వేస్తాను. ప్లగ్‌ను ఎక్కడా కట్టకుండా విడిగా ఇచ్చిన పద్ధతికి మాత్రం మార్కులు లేవు. ఇప్పుడు ప్లగ్ ఇంట్లో ఉన్నంతకాలం కారు తాళంచెవితో ఒకే రింగులో ఉంటుంది. కారు స్టార్ట్ చేయాలంటే అది చేతిలోకి రావాల్సిందే.

అలాంటి పరిస్థితి ఎవరికైనా వస్తే ఒక్క మాట. నీళ్లు నిండిన పడవను ట్రైలర్ మీదకు ఎక్కించి ఒక్కసారిగా పైకి లాగకండి. లోపలి నీళ్లన్నీ వెనక్కి పరుగెత్తుతాయి, ఆ బరువుకు వించ్ (ట్రైలర్ ముందు ఉండే, చేత్తో తిప్పి పడవను లాగే చక్రం) స్ట్రాప్ తెగొచ్చు, ట్రైలర్ ముందు భాగం లేవొచ్చు. కొద్దిగా లాగి ఆగాలి, నీళ్లు కారిపోనివ్వాలి, మళ్లీ కొద్దిగా లాగాలి.

ట్రైలర్ రివర్స్ చేయడం నాకు రెండేళ్లు టెన్షన్ పెట్టింది. పొడుగు ట్రైలర్ కంటే పొట్టి ట్రైలరే కష్టం, ఎందుకంటే అది చాలా త్వరగా తిరిగిపోతుంది. స్టీరింగ్‌ను కొంచెం కదిపితే చాలు, మడతపడి కారు మూలకు తగలబోతుంది. నాకు పనికొచ్చిన చిట్కా ఒక్కటే: స్టీరింగ్ చక్రాన్ని అడుగు భాగంలో పట్టుకోవాలి. చేతిని ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటే వెళ్తుంది, బుర్ర తిరగేసుకుని ఆలోచించే పనిలేదు. వంకర పోతోందనిపిస్తే వెనక్కే పోతూ సరిచేయాలని చూడొద్దు. ముందుకు వెళ్లి, సూటిగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. అలా మూడుసార్లు ముందుకు వెళ్లినా తప్పేం లేదు. చూసేవాళ్లలో చాలామంది ఒకప్పుడు అక్కడ నిలబడినవాళ్లే.

పడవ లేని ఖాళీ ట్రైలర్ ఇంకా ఇబ్బంది, అది అద్దాల్లో కనిపించనే కనిపించదు. వెనక రెండు మూలల్లో నిలువు గొట్టాలు బిగించుకున్నాను. పడవ తిరిగి ఎక్కించేటప్పుడు గాలికి పక్కకు పోకుండా కూడా అవే ఆపుతున్నాయి. కంపెనీ ఇచ్చిన ట్రైలర్‌లో ఇవి ఎందుకు లేవో నాకర్థం కాదు. నేర్చుకోవాలంటే ర్యాంప్ మీద కాదు, ఖాళీ మైదానంలో రెండు రాళ్లు పెట్టుకుని ఒక ఆదివారం పొద్దున మూడు గంటలు గడపండి. నేను ఆ పని రెండో ఏడాది చివర్లో చేశాను. మొదటి వారమే చేసి ఉండాల్సింది.

రోలర్ ట్రైలర్‌కి ఒక ప్రమాదం ఉంది. చెక్క పలకల మీద కూర్చునే పడవ కొంత రాపిడితో ఆగుతుంది. రోలర్ల మీద పడవ నూనె రాసినట్టు జారుతుంది. తొందరలో నీళ్లదాకా వెళ్లకముందే వించ్ స్ట్రాప్ విప్పితే పడవ నేరుగా కాంక్రీటు మీద పడుతుంది. మా ముందు వరసలో ఒకాయనకు అలాగే జరిగింది. ఆ చప్పుడు, దాని తర్వాత ఆ రేవంతా నిశ్శబ్దమైపోవడం ఇంకా గుర్తున్నాయి. నలుగురం కలిసి చెయ్యి వేసి ఎత్తాం, మోటారు అడుగున రెక్కలా ఉండే స్కెగ్ విరిగిపోయింది. అప్పటినుంచి నా నియమం: పడవను ట్రైలర్‌కు కట్టే వెనక పట్టీలు పార్కింగ్‌లోనే విప్పాలి, ముందు వించ్ స్ట్రాప్, సేఫ్టీ చైన్ మాత్రం పడవ వెనక భాగం తేలేదాకా ముట్టుకోకూడదు. దీనికి తలకిందులుగా చేసేవాళ్లూ ఉన్నారు. వెనక పట్టీలు మర్చిపోయి దింపితే పడవతోపాటు ట్రైలర్ వెనక భాగం కూడా లేస్తుంది, పడవ ఎందుకు కదలదో తెలియక పావుగంట పోతుంది.

వించ్ దగ్గర ఇంకో సంగతి. పడవ బరువు స్ట్రాప్ మీద ఉండగా వించ్‌ను తిరగకుండా ఆపే లాక్ వదిలేస్తే హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది. దానికి చెయ్యి తగిలితే ఎముక విరిగేంత దెబ్బ. పిల్లలకు వించ్ అప్పగించకండి.

ర్యాంప్ అడుగున నాచు ఉంటుంది. కారు వెనక చక్రాలు నాచు మీదకు వెళ్లే అవసరం రాకుండా చూసుకోవాలి, దిగేముందు హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. రివర్స్ చేసేటప్పుడు నేను కారు అద్దాలు దించి, సీటు బెల్టు తీసేస్తాను. పిల్లలు కారులో ఉండరు. ఇది మాత్రం ఎవరు నవ్వినా మార్చుకోను.

ట్రైలర్ బేరింగుల గురించి కొన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. దూరం నుంచి వచ్చిన ట్రైలర్ హబ్‌లు, అంటే బేరింగులుండే చక్రం మధ్య భాగాలు, వేడిగా ఉంటాయి. వాటిని వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీల్ సందుల్లోంచి నీళ్లను లోపలికి లాక్కుంటుంది. గ్రీజు పాడవుతుంది, తుప్పు పడుతుంది. మూడో ఏడాది రోడ్డు మీద కుడి చక్రం పొగలు కక్కినప్పుడు ఈ విషయం తెలిసింది. అప్పటినుంచి రేవుకు చేరాక హబ్ మీద చెయ్యి వేసి చూస్తాను. చెయ్యి నిలవనంత వేడి ఉంటే ఆగుతాను. ఆ సమయంలోనే సామాను సర్దుకోవడం, ప్లగ్ బిగించడం, ముందు తాడు కట్టడం, ట్రైలర్ లైట్ల ప్లగ్ పీకడం పూర్తవుతాయి. అందువల్ల ఆలస్యం అనిపించదు.

మోటారు మీద నాకు ఫిర్యాదులు తక్కువ. 9 ఏళ్లలో ఆగిపోయింది నాలుగుసార్లు, అందులో మూడుసార్లు పెట్రోలు ట్యాంకు మూత మీద ఉండే గాలి మర తెరవకపోవడం వల్లే. లక్షణం స్పష్టంగా ఉంటుంది: స్టార్ట్ అవుతుంది, కొన్ని నిమిషాలు బాగా నడుస్తుంది, తర్వాత నీరసించి ఆగుతుంది. పైపు మధ్యలో ఉండే రబ్బరు బంతి చప్పగా అతుక్కుపోయి ఉంటే కారణం అదే. మర తిప్పి, బంతిని గట్టిపడేదాకా నొక్కితే సరి. నాలుగోసారి మాత్రం దండుగ పడింది. ఇంట్లో నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపి చూద్దామని స్టార్ట్ చేశాను. నీటిని పైకి తోడే రబ్బరు ఇంపెల్లర్‌కు నీళ్లే కందెన. పొడిగా తిరిగితే రెక్కలు కాలిపోతాయి. తర్వాతి వారం నీళ్ల మధ్యలో ఇంజన్ వేడెక్కి అలారం మోగింది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, చల్లబరిచే నీళ్ల ధార బయటికి వస్తోందో లేదో చూడడం అలవాటు చేసుకోండి. ధార లేకపోతే వెంటనే ఆపేయాలి.

ఎర్ర తాడుండే కిల్ స్విచ్‌ను, అంటే తాడు ఊడితే ఇంజన్‌ను ఆపేసే స్విచ్‌ను, మొదట్లో నేనూ పట్టించుకోలేదు. టిల్లర్ పట్టుకున్న మనిషి నీళ్లలో పడితే హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోతుంది, మనిషి లేని పడవ గుండ్రంగా తిరుగుతూ పడ్డవాడి మీదకే వస్తుంది. ప్రొపెల్లర్‌కు ఎవరైనా ఒకటే. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు మోటారు పడవలను వేగంగా నడిపేవాళ్లు ఈ తాడు తగిలించుకోవడాన్ని చట్టమే చేశారు. మన దగ్గర ఎవరు అడిగినా అడగకపోయినా తాడును మోకాలికో, లైఫ్ జాకెట్‌కో తగిలించుకోవాలి. జాకెట్ సంగతీ అంతే. అమెరికా కోస్ట్ గార్డ్ 2022 లెక్కల్లో, కారణం తెలిసిన పడవ ప్రమాద మరణాల్లో 75 శాతం నీట మునగడం వల్లే. అలా మునిగినవాళ్లలో జాకెట్ వివరం తెలిసినవాళ్లను చూస్తే 85 శాతం మంది అది వేసుకోలేదు. పడవలో జాకెట్ ఉండడం వేరు, ఒంటి మీద ఉండడం వేరు.

తేలికైన పడవ కావడంతో గాలికి ఆకులా కొట్టుకుపోతుంది. ఇది ఈ పడవకున్న నిజమైన లోపం, జెట్టీ దగ్గరే ఎక్కువ తెలుస్తుంది. ఔట్‌బోర్డ్ పడవకు చుక్కాని ఉండదు, ప్రొపెల్లర్ తోసే దిక్కే దారి. గేరు తీసేస్తే దాదాపు అదుపు ఉండదు. అందుకే భయపడి చాలా దూరంలోనే న్యూట్రల్ చేస్తే గాలి పక్కకు తీసుకెళ్తుంది, ధైర్యం చేసి వేగంగా వస్తే గుద్దుకుంటుంది. గాలికి ఎదురుగా వస్తూ, గేరు కాసేపు వేసి కాసేపు తీస్తూ, చివర్లో రివర్స్ కొట్టి ఆపడం నాకు కుదిరిన పద్ధతి. ఒకసారి మా బావ తాడు పట్టుకుని అంచు మీద నిలబడ్డాడు. “బావా, కూర్చో, నేను తీసుకొస్తాను” అంటున్నా వినకుండా దూకాడు. దూకిన తోపుకు పడవ వెనక్కి పోయింది, ఆయన మధ్యలో పడ్డాడు. జాకెట్ ఉంది కాబట్టి తేలాడు, నేను వెంటనే ఇంజన్ ఆపాను. పడవకూ జెట్టీకీ మధ్య కాలో చెయ్యో నలగలేదు, అది అదృష్టం. ఇప్పుడు మా పడవలో చేత్తో, కాలితో ఆపడం నిషేధం. దానికి ఫెండర్లు, అంటే పడవ పక్కన వేలాడే మెత్తటి దిండ్లు, ఉన్నాయి.

లంగరు గురించి రెండు మాటలు. తాడు రెండో కొస పడవకు కట్టకుండా లంగరు విసిరినవాళ్లను నేను ముగ్గుర్ని చూశాను, అందులో ఒకరు నా తమ్ముడు. తాడు కట్టేది ముక్కు దగ్గరే. వెనక కడితే మోటారు బరువుతో ముందే కిందికి ఉన్న భాగాన్ని లంగరు ఇంకా లాగుతుంది, అల అటునుంచే లోపలికొస్తుంది. తాడు లోతుకు 5 నుంచి 7 రెట్లు వదలాలి. లోతు 4 మీటర్లయితే కనీసం 20 మీటర్లు. నిలువుగా వేలాడే తాడుతో లంగరు నేలను పట్టదు, ఈడ్చుకుపోతుంది.

పడవ ఒంటి విషయానికొస్తే, ఆరో ఏడాది నుంచి మధ్య సీటు కింద రివెట్లు చెమరుస్తున్నాయి. నాలుగు గంటలకు రెండు మగ్గుల నీళ్లు, అంతకు మించి లేదు. ఎండలో సీట్లు కాలిపోతాయి, అలల మీద డప్పులా మోగుతుంది. ఉప్పు నీళ్లలో దింపిన రోజు పడవనూ మోటారునూ మంచి నీళ్లతో కడుగుతాను, లోపల రాగి తీగ ముక్క గానీ నాణెం గానీ పడకుండా చూస్తాను. తడిలో రాగి తగిలి ఉన్నచోట అల్యూమినియం తినేసుకుపోతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు, ఇదే మోటారు తీసుకుంటాను. ట్రైలర్ మాత్రం రోలర్లది వద్దు, పలకలది కావాలి. ప్లగ్ లోపలి నుంచి బిగించేది కావాలి. వచ్చే వర్షాలు తగ్గేలోపు ఆ రివెట్లు బిగించి, కొత్త ఇంపెల్లర్ వేసి, బేరింగులు విప్పి గ్రీజు మార్చాలి. పార్కింగ్‌లో ఇప్పుడు మా అమ్మాయి చిన్న అట్ట ముక్క పట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదువుతుంది: ప్లగ్, వెనక పట్టీలు, ముందు తాడు, లైట్లు, ట్యాంకు మర, ఎర్ర తాడు. తను చదివేటప్పుడు మధ్యలో ఎవరు పలకరించినా, మళ్లీ మొదటినుంచి చదువుతుంది.