డ్యూయల్ బూట్ కోసం పార్టిషన్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకోవాలని చూస్తున్నవాళ్లకు ఈ హెచ్చరిక. డిస్కును పార్టిషన్లుగా, అంటే విడివిడి భాగాలుగా చేసే సాఫ్ట్‌వేర్ కొని నాకు డబ్బు పోయింది. అది పోతే పోయింది, నాలుగేళ్ల ఫొటోల్లో సగానికి సగం పోయాయి. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ రాయను. అదే పద్ధతిలో అమ్ముడయ్యే సరుకు వేరే పేర్లతో చాలా ఉంది కాబట్టి, పద్ధతి తెలిస్తే చాలు.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. విండోస్ లెక్క వేరు కాబట్టి అది 476 జీబీగా కనిపిస్తుంది. దాదాపు అంతా సీ డ్రైవే. అందులో 250 జీబీకి పైగా ఖాళీ. లినక్స్‌కు 100 జీబీ సరిపోతుందనుకుని, విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్‌ను కుదించబోయాను. 18 వేల ఎంబీకి మించి తగ్గించడం కుదరదంది. అంత ఖాళీ కళ్లముందు కనిపిస్తుంటే ఎందుకు కుదరదో ఒక్క నిమిషం ఆలోచించినా ఈ గొడవంతా తప్పేది. నేను ఆలోచించలేదు. ఇది చేతగాని పనిముట్టు అనుకుని బయట వెతకడం మొదలుపెట్టాను.

దొరికినదాని మీద పెద్ద అక్షరాలతో ‘ఉచితం’ అని ఉంది. ఇన్‌స్టాల్ చేశాను. డిస్కు మొత్తం రంగురంగుల పట్టీలుగా కనిపించింది. మౌస్‌తో అంచు పట్టుకుని లాగితే సీ డ్రైవ్ ఇట్టే చిన్నదైంది. ఆ పక్కనే ‘డ్యూయల్ బూట్ సహాయకుడు’ అని ఒక బొమ్మ. దాన్ని నొక్కితే అన్నీ తనే సిద్ధం చేసి పెట్టింది. నిజానికి అప్పటిదాకా డిస్కు మీద ఏమీ జరగలేదు, జరగబోయే పనులను వరసగా రాసి పెట్టుకుందంతే. చివర్లో అప్లై నొక్కగానే, ఇది పూర్తి వెర్షన్‌లోనే పనిచేస్తుంది, కొనండి అని పెట్టె వచ్చింది. అరగంట కష్టపడ్డాక అడిగితే ఎవరైనా కొనేస్తారని వాళ్లకు బాగా తెలుసు. నేనూ కొనేశాను. ఏడాదికోసారి దానంతటదే డబ్బు తీసుకునే ఏర్పాటుకు ముందే టిక్కు పెట్టి ఉందని తర్వాత వచ్చిన రసీదులో చూసుకున్నాను.

అసలు నష్టం ఎక్కడ జరిగిందో చెప్తాను. ఆ సహాయకుడు రాసి పెట్టిన జాబితాలో ఆరు పనులున్నాయి. నాకు కావలసింది ఒక్కటే, సీ డ్రైవ్‌ను కుడివైపు నుంచి 100 జీబీ తగ్గించడం. మిగతావాటిలో ఒకటి, డిస్కు మొదట్లో ఉండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను (కంప్యూటర్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్లు ఉండే చోటు) 500 ఎంబీకి పెంచడం. వినడానికి ఎంత చిన్న పనో! కానీ ఈఎఫ్‌ఐ ఎదగాలంటే దాని పక్కన విండోస్ తనకోసం అట్టిపెట్టుకున్న 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ జరగాలి, దాని పక్కనున్న సీ డ్రైవ్ మొదలే 400 ఎంబీ కుడికి జరగాలి. మొదలు జరగడమంటే లోపలున్న ప్రతి ఫైలునూ చదివి, పక్కకు తీసి మళ్లీ రాయడం. 400 ఎంబీ కోసం రెండు వందల జీబీల డేటాను కదిలించే పని అది. పైగా దాని అవసరమే లేదు. ఉబుంటు లాంటివి ఈఎఫ్‌ఐలో పెట్టుకునే బూట్ ఫైళ్లు కొద్ది ఎంబీలే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లినక్స్ పార్టిషన్‌లోనే ఉంటుంది. కెర్నల్‌ను కూడా ఈఎఫ్‌ఐలోనే పెట్టే పద్ధతి ఎంచుకున్నవాళ్లకు మాత్రం 100 ఎంబీ ఇరుకవుతుంది. నేను వాళ్లలో ఒకణ్ని కాదు.

కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. నల్లటి తెర మీద శాతాలు మొదలయ్యాయి. కుదింపు త్వరగానే అయిపోయింది. జరపడం మొదలయ్యాక 41 శాతం దగ్గర ఆగింది. గంట చూశాను, రెండు గంటలు చూశాను. ఐదు గంటలైనా ఆ అంకె కదల్లేదు, డిస్కు దీపం కూడా వెలగడం మానేసింది. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆ తర్వాత విండోస్ లేవలేదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ యూఎస్‌బీతో లినక్స్ నడిపి, పోయిన ఫైళ్లను వెతికే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత పనిముట్టుతో చూస్తే ఫోల్డర్లన్నీ కనిపించాయి. ప్రాణం లేచొచ్చింది. మా పాప నడక నేర్చుకున్న రోజుల ఫోల్డర్‌ను మరో డిస్కులోకి తీసి, మొదటి ఫొటో తెరిచాను. చక్కగా వచ్చింది. రెండోది రాలేదు. మూడోదీ రాలేదు. పేరు ఉంది, తేదీ ఉంది, సైజూ సరిగ్గానే ఉంది, లోపల ఉన్నది మాత్రం ఫొటో కాదు. కారణం తర్వాత అర్థమైంది. వరసలో కూర్చున్న జనమంతా ఒక్కో కుర్చీ కుడికి జరగాలంటే చివరివాడే ముందు లేవాలి. ఆ సాఫ్ట్‌వేర్ డేటానూ అలాగే వెనుక నుంచి జరుపుతూ వచ్చింది. మధ్యలో ఆగేసరికి వెనుకవాళ్లు కొత్త కుర్చీల్లో, ముందువాళ్లు పాత కుర్చీల్లో ఉన్నారు. హాజరుపట్టీలో, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పట్టికలో మాత్రం అందరికీ పాత నంబర్లే. డిస్కు ముందు భాగంలో ఉన్న ఫైళ్లు బతికాయి, వెనుక భాగంలోనివి పోయాయి.

కంపెనీకి రాస్తే రెండు రోజులకు జవాబొచ్చింది. పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసుకోవాలని షరతుల్లో ఉందట, లైసెన్స్ కీ వాడేశాను కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వరట. బ్యాకప్ విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ అడగని పనిని జాబితాలో చేర్చి, దానికి గంటల సమయం పడుతుందని గానీ, మధ్యలో ఆగితే ఏమవుతుందని గానీ ఒక్క మాట చెప్పకపోవడం ఎవరి తప్పు?

ఇక 18 వేల ఎంబీ సంగతి. మా తమ్ముడి కంప్యూటర్‌లోనూ సరిగ్గా ఇదే చిక్కు వచ్చినప్పుడు ఈసారి కారణం వెతికాను. పేజ్ ఫైలు (మెమరీ చాలనప్పుడు వాడుకునేది), హైబర్నేషన్ ఫైలు (నిద్రపోయే ముందు మెమరీని దాచుకునేది), సిస్టమ్ రీస్టోర్ దాచుకునే కాపీలు, విండోస్ ఫైళ్లను అమర్చే పద్ధతైన ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టిక లాంటివాటిని విండోస్ నడుస్తుండగా కదపదు. వాటిలో ఏ ఒక్కటి డ్రైవ్ చివర్లో కూర్చున్నా, దానికి ఇవతల ఎంత ఖాళీ ఉన్నా కుదింపు అక్కడే ఆగిపోతుంది. ఏ ఫైలు అడ్డుపడిందో విండోస్ చెబుతుంది కూడా. జరిగినవన్నీ విండోస్ రాసి పెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ చూస్తే ఆ ఫైలు పేరు రాసి ఉంటుంది. తమ్ముడి దాంట్లో పేజ్ ఫైలు. పేజ్ ఫైలు, హైబర్నేషన్, సిస్టమ్ రీస్టోర్ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూస్తే లక్షా పదివేల ఎంబీకి పైగా ఇస్తానంది. పెట్టెలో 102400 అని కొట్టాను, నిమిషంలోపే అయిపోయింది. ఒక్క పైసా ఖర్చు లేదు. తర్వాత పేజ్ ఫైలును, రీస్టోర్‌ను మళ్లీ ఆన్ చేశాను.

అలా వచ్చిన ఖాళీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నల్ల పట్టీగా కనిపిస్తుంది, దాన్ని అలాగే వదిలేయండి. విండోస్‌లో కూర్చుని లినక్స్ పార్టిషన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీకు అవసరం లేదు, లినక్స్ ఇన్‌స్టాలరే ఆ ఖాళీలో కావలసినవి చేసుకుంటుంది. డ్యూయల్ బూట్ ప్రత్యేకం అంటూ అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇదే పనికి డబ్బు అడుగుతాయి. విండోస్ 8 నుంచి వస్తున్న ఫాస్ట్ స్టార్టప్‌ను మాత్రం ఆపేసి ఉంచండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ సమయంలో లినక్స్ నుంచి సీ డ్రైవ్‌లో ఏమైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా చదవలేని విధంగా తాళం పడి ఉండవచ్చు. ఆ తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకుని, 48 అంకెల రికవరీ కీని ఈ కంప్యూటర్‌లో కాకుండా మరోచోట రాసి పెట్టుకోండి. ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో పార్టిషన్లు చేసిన డిస్కులున్నవాళ్లకు ఇంకో మాట. వాటిలో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. ఐదోది చేయబోతే డైనమిక్ డిస్కుగా (విండోస్ సొంత అమరిక) మార్చనా అని విండోస్ అడుగుతుంది. వద్దనండి, లినక్స్ పెట్టడం కష్టమైపోతుంది.

ఇంత చేసినా చోటు చాలకపోతే జీపార్టెడ్ అనే పార్టిషన్ పనిముట్టు ఉంది. 2004 నుంచి ఉన్నది, పూర్తిగా ఉచితం, అప్లై దగ్గర తాళం వేయదు. యూఎస్‌బీ నుంచి నడుస్తుంది కాబట్టి విండోస్ ఫైళ్లు అడ్డుపడవు. డ్రైవ్ సరిగ్గా మూసి లేకపోతే కుదించడానికి ఒప్పుకోదు, ఆ మొండితనం నాకు నచ్చింది. పార్టిషన్ మొదలును జరిపితే దాంతోనూ ప్రమాదమే. కుడి అంచు తగ్గించడం వేరు, ఎడమ అంచు కదపడం వేరు. ఏ పనిముట్టు వాడినా జాబితాలో సీ డ్రైవ్ పక్కన మూవ్ అనే మాట కనిపిస్తే ఆ వరసను తీసేయండి.

డబ్బు తీసుకునేవన్నీ మోసమని అనను. కానీ కొనే ముందు, ఉచిత వెర్షన్ ఏ పని దగ్గర ఆగిపోతుందో వాళ్ల పోలిక పట్టికలో ముందే చూడండి. ఆ పట్టిక పెట్టనివాళ్ల దగ్గర కొనకండి.

ఇప్పటికే నాలాగా మధ్యలో ఇరుక్కున్నవాళ్లు ఆ డిస్కులో ఇక ఏమీ రాయకండి. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, ఫార్మాట్ చేయమని అడిగే పెట్టె వస్తే మూసేయండి. యూఎస్‌బీ నుంచి బూట్ చేసి, టెస్ట్‌డిస్క్‌తో దొరికినవన్నీ వేరే డిస్కులోకి తీసుకున్నాకే మిగతా పని. తీసినవాటిని ఒక్కొక్కటీ తెరిచి చూడండి, పేరు కనిపించిందని నమ్మకండి.