బీపీ గోలీతో పాటు ఏది మేలు: లో సోడియం ఉప్పా, మెగ్నీషియమా, వెల్లుల్లి క్యాప్సూలా?

కేబీఆర్ పార్కుల పొద్దున నడిచేటోళ్ల ముచ్చట్లు వింటే సగం బీపీ గురించే ఉంటయ్, ఒకరు మెగ్నీషియం వేస్కో అంటరు, ఇంకొకరు లో సోడియం ఉప్పుకు మారమంటరు, నువ్వేసుకునే గోలీ పేరేంది అని మాత్రం ఎవ్వరూ అడగరు. అసలు లెక్కంతా ఆ పేరులోనే ఉంది.

లో సోడియం ఉప్పుల సోడియం కొంత తీసి దాని జాగాల పొటాషియం క్లోరైడ్ కలుపుతరు. కిడ్నీలు బాగున్నోళ్లకు ఇది మంచిదే, 2025 జనవరిలో డబ్ల్యూహెచ్ఓ కూడా వాడొచ్చనే చెప్పింది, కాకపోతే కిడ్నీ జబ్బున్నోళ్లకు, ఒంట్లోంచి పొటాషియం సరిగ్గ బయటికి పోనోళ్లకు ఈ మాట వర్తించదని కూడా అన్నది. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వేసుకునేటోళ్లు సరిగ్గ ఇక్కడే ఆగి ఆలోచించాలె. ఈ మందులు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తయ్, దాంతోని కిడ్నీ పొటాషియంను తక్కువ వదుల్తది. స్పిరోనోలాక్టోన్ కూడా ఇదే దారి. దాని మీద ఈ ఉప్పు, రోజూ కొబ్బరినీళ్లు, షుగర్ వల్ల ఎంతో కొంత దెబ్బతిన్న కిడ్నీ, ఇవన్నీ కలిసి రక్తంల పొటాషియం 6 mEq/L దాటిందంటే గుండె కొట్టుకునే తీరే తప్పొచ్చు, పైకి ఏమీ తెల్వకుండనే. అందుకే ఈ గోలీలోళ్లకు డాక్టర్ సరే అనేదాక నా ఓటు మామూలు అయోడిన్ ఉప్పుకే, రోజు మొత్తం మీద 5 గ్రాములు దాటకుండ, అంటే ఒక టీస్పూను (ఆవకాయ, అప్పడాలు కూడా ఆ లెక్కలకే వస్తయ్ మరి!). మన తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు చెప్పేది కూడా ఆ 5 గ్రాములే.

క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ అయితే కథ ఉల్టా, ఇవి పొటాషియంను మూత్రంల పంపేస్తయ్, కాల్షియంను మాత్రం ఆపుకుంటయ్. కాబట్టి వీటితోని కాల్షియం గోలీలు, 60,000 యూనిట్ల విటమిన్ డి3 సాషేలు ఎవరో చెప్పిన్రని నెలలకు నెలలు వాడుతుంటే రక్తంల కాల్షియం పెరిగే ఛాన్స్ ఉంది. ఒకే గోలీల టెల్మిసార్టన్, క్లోర్‌థాలిడోన్ రెండూ ఉన్నయంటే ఊహించుడు పనికిరాదు, రక్తంల పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు చేయించుడే.

ఉత్త ఆమ్లోడిపిన్ మీద ఉండి కిడ్నీలు బాగుంటే ఈ మూడింట్ల మెగ్నీషియంతో గొడవ తక్కువ. కానీ దాంతోని బీపీ తగ్గేది చాలా కొంచెం, డోస్ ఎక్కువైతే మోషన్స్ అయితయ్, దాన్ని నమ్ముకొని గోలీ మానేస్తే మాత్రం నష్టమే.

వెల్లుల్లి క్యాప్సూల్ గురించి పెద్దగ చెప్పేదేం లేదు, కూరల వేసుకునే వెల్లుల్లి చాలు. రక్తం గడ్డకట్టకుండ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేటోళ్లు క్యాప్సూల్ జోలికి పోకుంటేనే మంచిది, రక్తం కారే రిస్క్ పెరగొచ్చు.

వీటన్నిటికన్నా ఎవ్వరూ అనుమానించనిది అతిమధురం. బేగంబజార్‌ల వేరు కొనుక్కొచ్చి గొంతుకు మంచిదని రోజూ కషాయం తాగితే అది సోడియంను పట్టి ఉంచుతది, పొటాషియంను పడగొడ్తది, గోలీ వేసుకున్నా బీపీ సరిగ్గ దిగకపోవచ్చు. దగ్గు పొడుల్ల యష్టిమధు అని రాసి ఉండేది కూడా ఇదే, డబ్బా వెనక ఒకసారి చూస్కోండి.