స్టార్ వార్స్ మొదటి సినిమా: అసలు కథంతా కంప్యూటర్ ఆపేసిన దగ్గరే ఉంది

కథ, ముగింపుతో సహా చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. 1977లో వచ్చిన సినిమాకి ఇంకా ఈ హెచ్చరిక ఏంటి అనకండి, మొన్నటిదాకా నేనూ చూడలేదు. పేరులో నాలుగో భాగం అని ఉంది కదా, ముందు మూడూ చూశాక వద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. తీరా చూస్తే అన్నిటికంటే ముందు వచ్చింది ఇదేనట, ఆ నంబరు 1981లో మళ్లీ రిలీజ్ చేసినప్పుడు తగిలించారు. కాబట్టి మీరు దీంతోనే మొదలుపెట్టండి.

కథలో కొత్తేం లేదు. ఎడారి గ్రహంలో బాబాయి, పిన్ని దగ్గర పెరిగే ల్యూక్, దొరికిన ముసలి గురువు ఓబీ-వాన్, బందీగా ఉన్న రాకుమారి లేయా, నల్ల ముసుగు వేసుకున్న విలన్ డార్త్ వేడర్. అచ్చం జానపద కథే, కాకపోతే గుర్రాల బదులు అంతరిక్ష నౌకలు. మొదటి అరగంట రెండు రోబోలు ఎడారిలో తిరుగుతూనే ఉంటాయి, అక్కడ కాస్త ఓపిక పట్టాలి.

నాకు నచ్చింది వేరే. సినిమా మొత్తం ఒకటే గొడవ: యంత్రాన్ని నమ్మాలా, మనిషిని నమ్మాలా. గ్రహాన్నే పేల్చేసే డెత్ స్టార్ అనే భారీ అంతరిక్ష కేంద్రం కట్టుకుని మురిసిపోతున్న సామ్రాజ్యం ఆఫీసర్లతో, ఫోర్స్ (అంటే అన్నిట్లోనూ నిండి ఉండే ఓ కనిపించని శక్తి) ముందు ఇదేపాటి అని చెప్పేది ఎవరో తెలుసా, సాక్షాత్తూ వేడరే! విలన్ నోట ఆ మాట రావడం భలే అనిపించింది. అటు ఓబీ-వాన్ ఏమో ల్యూక్‌కి కళ్లు కనపడకుండా హెల్మెట్ పెట్టి కత్తి తిప్పడం నేర్పిస్తుంటాడు, వాళ్లని డబ్బు కోసం తన నౌకలో తీసుకెళ్తున్న హాన్ సోలో పక్కన కూర్చుని ఇవన్నీ దేనికి, చేతిలో మంచి తుపాకీ ఉంటే చాలదా అని నవ్వుతుంటాడు.

ఇదంతా చివరి యుద్ధంలో, ల్యూక్ తిరుగుబాటుదారులతో కలిసి డెత్ స్టార్ మీదికి వెళ్లినప్పుడు, పనికొస్తుంది. డెత్ స్టార్‌కి ఉన్న లోపం రెండు మీటర్ల రంధ్రం, దాంట్లోకి గురి తప్పకుండా కొట్టాలి. రెండోసారి చూసినప్పుడు గమనించాను, ల్యూక్ కంటే ముందు అతని దళం లీడర్ కంప్యూటర్ చూసుకునే కొడతాడు, లోపలికి పోకుండా పైనే పేలిపోతుంది. అంటే యంత్రానికి ఒక ఛాన్స్ ఇచ్చేశారన్నమాట. ఆ తర్వాతే ల్యూక్ వంతు. చనిపోయిన గురువు గొంతు వినిపిస్తుంది, కుర్రాడు గురిపెట్టే తెరని కళ్ల ముందు నుంచి పక్కకి జరిపేస్తాడు. కంప్యూటర్ ఆపేశావేంటి, ఏమైంది అని అవతల బేస్‌లో కంగారు. ఏం కాలేదు, బాగానే ఉన్నా అంటాడు, అంతే. అక్కడ నేను ఊపిరి బిగబట్టాను, గెలుస్తాడని ముందే తెలిసి కూడా. ఇటు డెత్ స్టార్‌ని నడిపించే టార్కిన్ మాత్రం ప్రమాదం ఉందని ఆఫీసర్ చెప్పినా గెలిచే వేళ పారిపోవడమేంటని కదలడు.

డబ్బు తీసుకుని పోయిన హాన్ సరిగ్గా అప్పుడే తిరిగొచ్చి వేడర్ నౌకని పక్కకి ఎగరగొడతాడు. ఇది ఊహించగలిగేదే, అయినా పని చేసింది, ఎందుకంటే అప్పటిదాకా వాడు నిజంగా స్వార్థపరుడే. అసలు సినిమాలో, బార్‌లో తనని పట్టుకోవడానికి వచ్చినవాణ్ని హానే ముందు కాల్చేస్తాడు, 1997 వెర్షన్‌లో అవతలివాడే ముందు కాల్చినట్టు మార్చారు, అది నాకు నచ్చలేదు. మొదట్నుంచీ మంచోడే అయితే తిరిగి రావడంలో గొప్పేముంది? పాత వెర్షన్ దొరికితే అదే చూడండి.

ఇక చివరి సన్మానం సీన్. జాన్ విలియమ్స్ సంగీతం మోగిపోతుంటుంది, ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడరు, చూడటానికి కన్నుల పండుగే. కానీ ల్యూక్ చిన్ననాటి స్నేహితుడు బిగ్స్ అదే యుద్ధంలో పోయాడు, వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు, వాళ్ల ఊసే లేదు. లేయా సంగతి మరీ ఘోరం. కళ్ల ముందే తన గ్రహం మొత్తం బూడిదైతే ఆమె ఏడవడానికి ఒక్క సీన్ ఇవ్వలేదు, పైగా గురువు పోయాడని కుమిలిపోతున్న ల్యూక్ భుజాల మీద దుప్పటి కప్పి ఆమే ఓదారుస్తుంది. ఇంత పెద్ద విషయాన్ని అలా దాటేయడం నాకు మింగుడు పడలేదు.

వేడర్ చావలేదు, సామ్రాజ్యం అలాగే ఉంది, అయినా ఇంకో భాగం రాకపోయినా సరిపోయేట్టు కథ ముగించారు, అది మాత్రం మెచ్చుకోవాలి. అన్నట్టు, మెడల్స్ ల్యూక్‌కి, హాన్‌కి వేశారు, వాళ్లతో పాటు నడిచొచ్చిన హాన్ జతగాడు, ఒళ్లంతా జుట్టుండే చ్యూబాకా మెడ మాత్రం బోసిగానే ఉంది. పాపం, ఉత్త అరుపుతో సరిపెట్టుకున్నాడు.